చేతికి కెమెరా వచ్చింది.. చెయ్యి తిరిగేదెప్పుడు?

డీఎస్‌ఎల్‌ఆర్‌ కొనడం ఒక్క పూట పని. దానితో నాలుగు డబ్బులు సంపాదించడం మాత్రం కొన్ని నెలల సాధన. కొత్త కెమెరా చేతికొచ్చిన మొదటి వారంలో మీకు ఎదురయ్యే ఆశ్చర్యాలు, నిరాశలు, నేర్చుకోవాల్సిన పాఠాలు ఇవీ..

ఫైనల్‌ ఇయర్‌లో ఉన్నారు. క్యాంపస్‌ ప్లేస్‌మెంట్స్‌ సంగతి ఇంకా తేలలేదు. ఇన్‌స్టాలో మీరు పెట్టిన ఫొటోలకు లైకులు బాగానే వస్తున్నాయి. ‘నీకు మంచి కన్నుందిరా’ అని ఫ్రెండ్స్‌ అంటున్నారు. ఇంట్లో నెల రోజులు బతిమాలి, నాన్నతో ఈఎంఐకి సంతకం పెట్టించి డీఎస్‌ఎల్‌ఆర్‌ తెచ్చుకున్నారు. పెట్టె విప్పారు. బ్యాటరీ పెట్టి, కిట్‌ లెన్స్‌ బిగించి, హాల్లో కూర్చున్న అమ్మను ఫొటో తీశారు. స్క్రీన్‌ మీద చూస్తే.. ముఖం కాస్త చీకటిగా, పసుపుగా, అంచుల్లో అలికేసినట్టు ఉంది. పక్కనే ఉన్న చెల్లి ఫోన్‌తో ఒకటి తీసి చూపించింది. అది తళతళా మెరిసిపోతోంది. ‘ఇంత డబ్బు పోసి కొన్నది దీనికా?’ అని నాన్న పైకి అనకపోయినా, మీకు వినపడింది.

కంగారు పడకండి. కొత్తగా డీఎస్‌ఎల్‌ఆర్‌ పట్టిన దాదాపు ప్రతి ఒక్కరూ దాటొచ్చిన గడప ఇది. తేడా ఎక్కడుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఫోన్‌ ఎందుకు గెలిచింది?

ఫోన్‌లో బటన్‌ నొక్కితే అది తీసేది ఒక్క ఫొటో కాదు. కన్ను మూసి తెరిచేలోగా చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి, చీకటిని వెలిగించి, ముఖాన్ని నునుపు చేసి ఇస్తుంది. అంటే ఆలోచించే పని అదే చేస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌ అలా కాదు. మీరు ఏం చెబితే అదే చేస్తుంది. చెప్పకపోతే తనకు తోచిన లెక్క వేస్తుంది. మొదటి రోజు మీకు నచ్చనిది ఆ లెక్కే.

కానీ అసలు బలం లోపల ఉంది. ఉదాహరణకు కానన్‌ ఈఓఎస్‌ 1500డి చూడండి. అందులో సెన్సర్‌ సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఫోన్‌ సెన్సర్ల కంటే ఇది ఎన్నో రెట్లు పెద్దది. వెడల్పాటి గిన్నెలో వాన నీళ్లు ఎక్కువ పడ్డట్టే పెద్ద సెన్సర్‌ మీద వెలుతురు ఎక్కువ పడుతుంది. ఆ వెలుతురును వాడుకోవడం చేతనైన రోజు, పెద్ద సైజు ప్రింటు వేసి చూస్తే ఫోన్‌ ఫొటోకీ దీనికీ తేడా మీకే కనిపిస్తుంది.

కన్ను ఆనించగానే..

మొదటిసారి వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినప్పుడు కలిగే అనుభూతి వేరు. అక్కడ కనిపించేది స్క్రీన్‌ మీది బొమ్మ కాదు, లెన్స్‌ గుండా వచ్చిన నిజమైన వెలుతురు. లోపల ఏటవాలుగా ఉన్న అద్దం ఆ వెలుతురును పైకి మళ్లిస్తుంది. మీరు క్లిక్‌ కొట్టగానే ఆ అద్దం పైకి లేస్తుంది, షట్టర్‌ తెరుచుకుంటుంది, వెలుతురు సెన్సర్‌ మీద పడుతుంది, మళ్లీ అద్దం కిందికి దిగుతుంది. ‘టక్‌’మని వినిపించేది ఆ సందడే. ఆ క్షణంలో వ్యూఫైండర్‌ నల్లబడుతుంది. అంటే ఫొటో పడిన సరిగ్గా ఆ క్షణాన్ని మీరు చూడలేరు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు నవ్వు పూర్తిగా విచ్చుకోక ముందే వేలు నొక్కుతారు.

ఇంకో సంగతి. ప్రారంభ స్థాయి డీఎస్‌ఎల్‌ఆర్‌ల వ్యూఫైండర్‌లో దాదాపు 95 శాతం దృశ్యమే కనిపిస్తుంది. మీరు చూడని అంచు కూడా ఫొటోలో పడుతుంది. గ్రూప్‌ ఫొటో పక్కన ఎవరిదో మోచెయ్యో, ప్లాస్టిక్‌ కుర్చీ కాలో ఎందుకొచ్చిందా అని జుట్టు పీక్కోకండి. కారణం ఇదే.

మూడు చక్రాల బండి

ఎక్స్‌పోజర్‌ అనేది మూడు చక్రాల బండి. అపర్చర్‌, షట్టర్‌ స్పీడ్‌, ఐఎస్‌ఓ. ఒకటి తిప్పితే మిగతా రెండింటి లెక్క మారుతుంది.

అపర్చర్‌: లెన్స్‌లోని రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పేది. ఇక్కడ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. మొదట్లో అందరూ తికమక పడేది ఇక్కడే. కిట్‌ లెన్స్‌ను 55 ఎం.ఎం. దగ్గర పెడితే ఎఫ్‌/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. అదే 50 ఎం.ఎం. ఎఫ్‌/1.8 లెన్స్‌ అయితే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. ఫంక్షన్‌ హాళ్లలో పనిచేసేవాళ్లు రెండో లెన్స్‌గా దాన్నే కొనేది ఇందుకే.

షట్టర్‌ స్పీడ్‌: ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది. నిలబడ్డ మనిషికి సెకనులో 100వ వంతు సరిపోతుంది. తలంబ్రాలు గాల్లో ఆగినట్టు కనిపించాలంటే 250వ వంతు లేదా అంతకంటే వేగం కావాలి. కబడ్డీ, క్రికెట్‌ లాంటి ఆటలకు 500 నుంచి 1000వ వంతు. లెన్స్‌లోని స్టెబిలైజర్‌ మీ చేతి వణుకును ఆపుతుందేగానీ, ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఐఎస్‌ఓ: సెన్సర్‌ నుంచి వచ్చిన సంకేతాన్ని ఎంత పెంచాలన్నది. 100 నుంచి 200కి వెళితే వెలుతురు రెట్టింపైనట్టు. పెంచేకొద్దీ ఫొటోలో ఇసుక చల్లినట్టు నాయిస్‌ వస్తుంది. అలాగని భయపడి తగ్గించేయకండి. నాయిస్‌ ఉన్న ఫొటోను కొంతవరకు బాగుచేయొచ్చు. కదిలిపోయిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరు.

నా మొదటి పెళ్లి

ఆ చివరి మాట నేను పుస్తకంలో చదివి రాసింది కాదు. కొత్త కెమెరా కొన్న మూడో వారంలో మా పెదనాన్న గారి అమ్మాయి పెళ్లి. తెల్లవారుజామున ముహూర్తం. ప్రధాన ఫొటోగ్రాఫర్‌ వేరే ఉన్నాడు. నేను సరదాగా, ఒక రకంగా పెత్తనంగా, మండపం పక్కన నిలబడ్డాను. ముందు రోజు సాయంత్రం ఆరుబయట ఎండలో ఐఎస్‌ఓ 100 పెట్టి ఫొటోలు తీశాను. దాన్ని మార్చడం మర్చిపోయాను. జీలకర్ర బెల్లం పెట్టుకునే సమయానికి నా షట్టర్‌ సెకనులో ఎనిమిదో వంతుకు పడిపోయింది. టక్‌.. టక్‌.. టక్‌.. వరసగా ఇరవై కొట్టాను. స్క్రీన్‌ చిన్నది కదా, అన్నీ బాగున్నట్టే కనిపించాయి. మర్నాడు కంప్యూటర్‌లో పెడితే ఇరవైలో ఒక్కటీ నిలబడలేదు. చేతులన్నీ పొగలా ఉన్నాయి.

అక్క చూసి నవ్వేసింది. ‘‘పర్లేదులేరా, ఆయన తీశాడు కదా. లేకపోతే నీకోసం మళ్లీ పెళ్లి చేసుకోవాలా ఏంటి?’’ అంది. సరదాకే అంది. కానీ ఆ రోజు మండపంలో నేనొక్కడినే ఉండి ఉంటే? అడ్వాన్స్‌ కూడా తీసుకుని ఉంటే? ఆ ప్రశ్న తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. డబ్బు వెనక్కి ఇవ్వొచ్చు. ముహూర్తాన్ని వెనక్కి ఇవ్వలేం.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. కొత్త చోటుకు వెళ్లగానే మొదట ఐఎస్‌ఓ చూస్తాను. మొదటి ఫొటో తీశాక స్క్రీన్‌ మీద జూమ్‌ చేసి కళ్లు షార్ప్‌గా ఉన్నాయో లేదో చూస్తాను. ఆ తర్వాతే మిగతావి. మీరూ ఇదే చేయండి.

కెమెరా పొరబడే చోట్లు

తెల్ల బట్టలు: దృశ్యం మొత్తం సగటున బూడిద రంగులో ఉంటుందని కెమెరా మీటర్‌ అనుకుంటుంది. మధుపర్కాల్లో ఉన్న వధూవరులు ఫ్రేమ్‌ నిండా ఉంటే ‘అబ్బో, వెలుతురు ఎక్కువైంది’ అనుకుని ఫొటోను నల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్‌ కాంపెన్సేషన్‌ను ప్లస్‌ వైపు కొంచెం జరపండి. నల్ల సూట్‌లో ఉన్న రిసెప్షన్‌ పెళ్లికొడుకుకు దీనికి రివర్స్‌.

పసుపు ముఖాలు: మామూలు బల్బు వెలుగు సుమారు 3200 కెల్విన్‌, మధ్యాహ్నపు ఎండ సుమారు 5500 కెల్విన్‌. మన కన్ను సర్దుకుంటుంది. కెమెరాకు మనం చెప్పాలి. వైట్‌ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేయకుండా, అక్కడున్న లైటును బట్టి మార్చి చూడండి. ‘రా’ ఫార్మాట్‌లో తీస్తే ఈ రంగును తర్వాత కంప్యూటర్‌లో హాయిగా దిద్దుకోవచ్చు. జేపెగ్‌లో ఆ వెసులుబాటు తక్కువ.

అడ్డ చారలు: మన కరెంటు 50 హెర్ట్జ్‌. అందువల్ల ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. షట్టర్‌ స్పీడ్‌ బాగా పెంచితే ఒక ఫొటో వెలుగ్గా, ఇంకోటి చీకటిగా, మధ్యలో చారలతో వస్తుంది. అలాంటి హాల్లో 50వ వంతు లేదా 100వ వంతు స్పీడ్‌కు రండి. చాలావరకు సమస్య తీరుతుంది.

ఫోకస్‌: 1500డిలో ఆటోఫోకస్‌ పాయింట్లు తొమ్మిది. అన్నీ ఆన్‌లో ఉంటే పెళ్లికూతురి ముఖం కాకుండా ముందున్న పూలదండ మీద ఫోకస్‌ కూర్చుంటుంది. మధ్య పాయింట్‌ ఒక్కటే ఎంచుకోండి. కంటి మీద పెట్టి బటన్‌ సగం నొక్కండి. అలాగే పట్టుకుని ఫ్రేమ్‌ సర్దుకుని పూర్తిగా నొక్కండి.

మొదటి ఏడు రోజులు

యూట్యూబ్‌లో వీడియోలు చూస్తూ కూర్చోకండి. ఈ వారం రోజుల ప్రణాళిక పాటించి చూడండి.

1వ రోజు: మాన్యువల్‌ చదవండి. నవ్వకండి, నిజంగానే. ప్రతి బటన్‌ను ఒక్కసారైనా నొక్కి చూడండి.
2వ రోజు: అపర్చర్‌ ప్రయారిటీ. కానన్‌లో ‘ఏవీ’, నికాన్‌లో ‘ఏ’. ఒకే వస్తువును అన్ని అపర్చర్లలో తీసి వెనక దృశ్యం ఎలా మారుతుందో చూడండి.
3వ రోజు: షట్టర్‌ ప్రయారిటీ. కానన్‌లో ‘టీవీ’, నికాన్‌లో ‘ఎస్‌’. బస్టాప్‌లో నిలబడి వచ్చే ఆటోలను 30వ వంతు నుంచి 1000వ వంతు దాకా తీయండి.
4వ రోజు: రాత్రి పూట ఇంట్లో ఒక్క లైటు కింద ఐఎస్‌ఓ 100 నుంచి 6400 దాకా పెంచుతూ తీయండి. మీ కెమెరా ఎంతవరకు తట్టుకుంటుందో మీకే తెలుస్తుంది.
5వ రోజు: పూర్తి మాన్యువల్‌. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్‌/16, సెకనులో 100వ వంతు పెట్టండి. మీటర్‌ చూడకుండానే సరిగ్గా వస్తుంది. ఫిల్మ్‌ కాలం నుంచి ఉన్న సూత్రమిది.
6వ రోజు: మనుషులు. టీ కొట్టు అన్న, పూలమ్మే ఆంటీ, హాస్టల్‌ వాచ్‌మన్‌. ముందు అనుమతి అడగండి. అపరిచితులతో మాట్లాడటం కూడా ఈ వృత్తిలో నైపుణ్యమే.
7వ రోజు: వారంలో తీసినవన్నీ ముందేసుకుని పది మాత్రమే ఉంచండి. ఎందుకు మిగతావి తీసేశారో నోట్‌బుక్‌లో రాయండి. అసలు చదువు ఇదే.

‘డీఎస్‌ఎల్‌ఆర్‌ కాలం అయిపోయిందట కదా?’

మీ సీనియర్‌ ఎవరో ఈ మాట అనే ఉంటారు. కొంత నిజం ఉంది. 2018లో నికాన్‌ జెడ్‌ సిరీస్‌, కానన్‌ ఈఓఎస్‌ ఆర్‌ వచ్చినప్పటి నుంచి పెద్ద కంపెనీల దృష్టి అద్దం లేని మిర్రర్‌లెస్‌ కెమెరాల మీదికి మళ్లింది. కొత్త లెన్సులు ఎక్కువగా వాటికే వస్తున్నాయి. జేబులో డబ్బు ఉండి, వీడియో కూడా ప్రధానమైతే మిర్రర్‌లెస్‌కే వెళ్లండి. కానీ పరిమిత బడ్జెట్‌తో నేర్చుకునేవారికి డీఎస్‌ఎల్‌ఆర్‌ ఇప్పటికీ మంచి బడి. బ్యాటరీ ఎక్కువ సేపు వస్తుంది, పాత లెన్సులు చవగ్గా దొరుకుతాయి. అపర్చర్‌, షట్టర్‌, వెలుతురు.. ఈ పాఠాలు ఏ కెమెరాలోనైనా ఒకటే.

సెకండ్‌ హ్యాండ్‌ తీసుకుంటుంటే షట్టర్‌ కౌంట్‌ అడగండి. బైకు కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసినట్టే. ప్రారంభ స్థాయి కెమెరాల షట్టర్‌ సాధారణంగా లక్ష క్లిక్కుల స్థాయిది. పెళ్లిళ్లకు వాడిన కెమెరా ఒక్క వేడుకలోనే వేలల్లో క్లిక్కులు తింటుంది. లెన్స్‌ను టార్చ్‌లైట్‌కు ఎదురుగా పెట్టి చూడండి. సాలెగూడులాంటి గీతలు కనిపిస్తే అది ఫంగస్‌. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఎక్కువున్న ఊళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌ వేసి కెమెరాను దాచండి. సెన్సర్‌ మీద దుమ్ము పడితే నోటితో ఊదొద్దు. రబ్బరు బ్లోయర్‌ వాడండి.

అన్నం పెట్టే దారులు

ఫొటోగ్రఫీ అంటే పెళ్లిళ్లే కాదు. కానీ మన దగ్గర చాలామంది అడుగు పెట్టేది ఆ గుమ్మం నుంచే. నేరుగా సొంతంగా ఆర్డర్‌ ఒప్పుకోవద్దు. అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్‌ దగ్గర అసిస్టెంట్‌గా చేరండి. మొదట్లో లైటు పట్టుకోవడం, బ్యాగు మోయడం, కార్డులు కాపీ చేయడమే ఉంటుంది. చిన్నతనంగా అనుకోకండి. వెలుతురు ఎటు నుంచి రావాలో లైటు పట్టుకున్నవాడికే ముందు తెలుస్తుంది. తర్వాత సెకండ్‌ షూటర్‌, ఆ తర్వాతే సొంత ఆర్డర్లు. సొంతంగా వెళ్లేనాటికి రెండు కెమెరాలు, రెండేసి బ్యాటరీలు, కార్డులు ఉండేలా చూసుకోండి. రెండో కెమెరా అద్దెకు తెచ్చుకున్నా సరే.

జనంలో తిరగడం ఇష్టం లేదా? ఆన్‌లైన్‌ అమ్మకాలకు ప్రొడక్ట్‌ ఫొటోగ్రఫీ ఉంది. మీ ఊళ్లోని చీరల షాపు, పచ్చళ్ల వ్యాపారం, బేకరీ.. అందరికీ ఇప్పుడు మంచి ఫొటోలు కావాలి. కిటికీ వెలుగు, ఒక తెల్ల థర్మాకోల్‌ షీటు, ట్రైపాడ్‌ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఆల్బమ్‌ డిజైనింగ్‌, రీటచింగ్‌ నేర్చుకుంటే సీజన్‌ లేనప్పుడూ పని ఉంటుంది. మూఢం, ఆషాఢం వచ్చాయంటే పెళ్లి కెమెరాలు బీరువాలోకి వెళ్తాయని మర్చిపోకండి.

చదువుకోవాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్‌ నెహ్రూ ఆర్కిటెక్చర్‌ అండ్‌ ఫైన్‌ ఆర్ట్స్‌ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ ఉంది. ఇంటర్‌ తర్వాత ప్రవేశ పరీక్ష ద్వారా సీటు. డిగ్రీ చేసినవారికి నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డిజైన్‌, సినిమా వైపు మనసుంటే పుణెలోని ఎఫ్‌టీఐఐలో సినిమాటోగ్రఫీ ఉన్నాయి. నోటిఫికేషన్లను ఆయా సంస్థల వెబ్‌సైట్లలో చూసుకోండి.

లెక్క రాసుకోండి.. కాగితం రాయించుకోండి

కెమెరా రూ.40 వేలు అనుకుందాం. రెండో లెన్స్‌, ఫ్లాష్‌, కార్డులు, బ్యాగు, హార్డ్‌డిస్క్‌ కలిపితే ఇంకో అంత దాకా అవుతుంది. ముందే ఈ మాట ఇంట్లో చెప్పండి. అన్నీ ఒకేసారి కొనొద్దు. మొదటి లెన్స్‌ నాన్న డబ్బుతో, రెండో లెన్స్‌ కెమెరా సంపాదించిన డబ్బుతో.. ఈ నియమం పెట్టుకోండి. చిన్న యూనిట్‌ పెట్టే ఆలోచన ఉంటే, పూచీకత్తు లేకుండా రూ.50 వేల దాకా ఇచ్చే ముద్ర ‘శిశు’ రుణం గురించి బ్యాంకులో అడగండి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. కాపీరైట్‌ చట్టం, 1957లోని 17వ సెక్షన్‌ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తమకోసం ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ ఫొటోకు మొదటి హక్కుదారు వాళ్లే. తీసింది మీరే అయినా సరే. కాబట్టి పెళ్లి ఫొటోలను మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఎంత అడ్వాన్స్‌, ఎన్ని ఫొటోలు, ఎప్పటిలోగా ఇస్తారు.. అన్నీ ఒక్క పేజీలో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. బంధువులైనా సరే. బంధువులైతే మరీను.

ఇంజినీరింగ్‌ చదివి కెమెరానా?

ఇంట్లో ఈ ప్రశ్న వస్తే ఒక పేరు చెప్పండి. రాజా దీన్‌దయాళ్‌. 1844లో పుట్టారు. రూర్కీలోని థామసన్‌ కాలేజీలో.. అంటే ఇప్పటి ఐఐటీ రూర్కీలో.. చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ఉద్యోగం చేస్తూనే ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు. గాజు పలకల మీద బొమ్మ తీసే రోజులవి. తర్వాత హైదరాబాద్‌కు వచ్చి ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ అయ్యారు. ‘రాజా’ అన్నది నిజాం ఇచ్చిన బిరుదే.

ఇక్కడ గమనించాల్సింది ఆయన పేరు ప్రతిష్ఠలు కాదు, ‘ఉద్యోగం చేస్తూనే’ అన్న మాట. మీరూ డిగ్రీ వదిలేయొద్దు. వచ్చిన ఉద్యోగాన్ని కాదనొద్దు. శని, ఆదివారాలు కెమెరాకు ఇవ్వండి. కెమెరా తన ఖర్చు తాను సంపాదించుకోవడం మొదలయ్యాక, అప్పుడు కూర్చుని ఆలోచించండి.

ఇక ఈ సాయంత్రం ఒక పని చేయండి. మొదటి రోజు పాడైన ఫొటో ఉంది కదా.. అమ్మది. కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఏవీ మోడ్‌లో లెన్స్‌ను వీలైనంత తెరవండి. షట్టర్‌ 100వ వంతు దాటే దాకా ఐఎస్‌ఓ పెంచండి. మధ్య పాయింట్‌ను కంటి మీద పెట్టండి. ఏదో ఒక కబురు చెప్పి నవ్వించండి. ఆ నవ్వు మొదలవుతుండగా నొక్కండి. ఆ ఫొటోను ప్రింటు వేయించి నాన్నకు చూపించండి. మీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే.